బురుజు గోడలో గూళ్ళు

పిట్ట ముట్టలేదు.

హన్మంతు కొడుకు నరేశ్ దుబాయ్ నుంచి పెట్టెలో ఊరికి వచ్చిన మూడోనాడు, వాగు ఒడ్డున విస్తరాకులో అన్నం పెట్టారు. వాడికి ఇష్టమని మాంసం వండారు, పచ్చిపులుసు పోశారు, పక్కన చిన్న గ్లాసులో చాయ్ కూడా పెట్టారు. అందరూ దూరం జరిగి నిలబడ్డారు. కాకులు వచ్చాయి. తుమ్మ కొమ్మ మీద వాలి, మెడలు అటూ ఇటూ తిప్పి చూశాయి. ఒక్కటీ కిందికి దిగలేదు.

పోయినవాడికి తీరని కోరిక ఏదైనా ఉంటే పిట్ట ముట్టదంటారు ఆ వైపు. అప్పుడు ఇంటివాళ్ళు ఒక్కొక్కరే ముందుకు వచ్చి మాట ఇవ్వాలి.

"చెల్లె పెండ్లి నేను జేస్త కొడుకా, నువ్వు రంది వెట్టుకోకు" అన్నాడు హన్మంతు.

కాకులు కదలలేదు.

"బండి కొనుక్కుంటనంటివి. నీ పేరు మీదనే కొంట."

కాకులు కదలలేదు.

"నేను మంచిగనే ఉంట బిడ్డా. యాళ్ళకు తింట, గోలీలు ఏసుకుంట" అంది వాడి తల్లి సమ్మవ్వ.

ఎండ నడినెత్తికి వచ్చింది. చివరికి కులపెద్ద ఒక ఆవును తోలుకొచ్చి ఆ అన్నం దానికి పెట్టించాడు. ఆవు ముడితే పిట్ట ముట్టినట్టే లెక్క అన్నాడు. అందరూ తలలూపి స్నానాలకు దిగారు. సమ్మవ్వ మాత్రం నిలబడ్డచోటే నిలబడింది.

"ఆవు ముట్టింది. పిట్ట ముట్టలే" అంది.

నరేశ్ ఫోటో పెద్దది చేయించి, అద్దం కట్టించి తెచ్చారు. ఆమె దాన్ని గోడకు పెట్టనివ్వలేదు. తువ్వాలలో చుట్టి బీరువాలో పెట్టింది. పదో దినం అయింది, చుట్టాలు వెళ్ళిపోయారు, ఫోటో బీరువాలోనే ఉంది. సెలవు అయిపోయి హన్మంతు మళ్ళీ దుబాయ్ బయలుదేరిన రోజు, బ్యాగు అందిస్తూ ఆమె ఒక్కటే మాట అంది:

"వాడు ఆన్నే ఉన్నడు. ఏం గావాల్నో పోయి అడుగు."

*

దుబాయ్ అనేది ఊళ్ళో వాళ్ళ మాట. హన్మంతు, కొడుకు కలిసి పని చేసింది ఖోర్ ఫక్కాన్‌లో. ఓడరేవుకు పైన, చెట్టూ చేమా లేని గోధుమరంగు కొండ మీద ఒక కోట లేస్తోంది. అది హోటల్. జర్మనీలో ఒక నది వంపు మీద ఎనిమిది వందల ఏళ్ళ కిందట కట్టిన కోటను చూసి, రాయికి రాయి అన్నట్టు కడుతున్నారు. చిత్రమేమిటంటే అందులో రాయి ఒక్కటీ లేదు. లోపల ఇనుప చట్రం, దాని మీద షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో పోతపోసి లారీల మీద తెచ్చిన సిమెంటు పలకలు. పలకల మీద రాళ్ళ గీతలు, పగుళ్ళు, ఎప్పటిదో పాచి మరక, అన్నీ మనుషులు చేతులతో చేసినవే.

ఆ కోట జర్మన్ పేరు పలకబోయి అందరి నాలుకలూ మడతపడ్డాయి. చివర 'బుర్గ్' అని వస్తుందని మాత్రం తెలిసింది. పని చూసే అరబ్ మేనేజరు, ముదీర్, దాన్ని బుర్జ్ అన్నాడు. జగిత్యాల వైపు నుంచి వచ్చినవాళ్ళకు అంత కష్టం కూడా అక్కర్లేదు, వాళ్ళ ఊళ్ళలో బురుజు ఉండనే ఉంది. ఊళ్ళో అయితే, నరేశ్ బురుజు పని చేస్తున్నాడంటే టీవీలో కనపడే ఆ ఆకాశమంత బుర్జే అనుకున్నారు. నరేశ్ ఎవరినీ దిద్దలేదు. "అనుకోనియ్యి బాపూ, మనకేం పోయె" అనేవాడు.

హన్మంతు కొండ మీదికి తిరిగి వచ్చిన పొద్దున ఫోర్‌మన్ కలీం ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. కలీంది నెల్లూరు, మాట తొందరలో 'అన్నా'ను 'నా' అనేస్తాడు. నోరు ఊరుకోని మనిషి. ఆ రోజు మాత్రం రెండు ముక్కలే అడిగాడు.

"తిన్నావా అన్నా?" అన్నాడు.

"తిన్న."

"ఒదిన ఎట్లుండాది?"

"ఉన్నది."

ఇద్దరూ కోట ద్వారం కింద నిలబడి ఉన్నారు. ద్వారం మీదనే చిన్న గుడి కట్టారు. అసలు కోటలో కూడా అట్లాగే ఉందట, లోపలికి వచ్చే శత్రువు దేవుడి కాళ్ళ కింది నుంచే రావాలని. దాటితే ముంగిలి, ముంగిలిలో బావి. ఆవల పొడుగాటి హాలు, అది దొర కూర్చునే చోటు. అన్నిటికీ వెనక, కొండ అంచున, సముద్రం వైపు ముఖం పెట్టి బురుజు. పరంజా ఇంకా బురుజును చుట్టుకునే ఉంది.

హన్మంతు తల ఎత్తి చూశాడు. కింది వరుసల్లో గోడకు నల్లగా చదరపు రంధ్రాలు కనపడుతున్నాయి. తాను ఊరికి పోయినప్పుడు అవి లేవు.

"తెరిసిన్రా?" అన్నాడు.

కలీం చెప్పులతో నేల గీశాడు. "తెరిచినాం అన్నా. పై వరుస ఒక్కటి మిగిలుండాది. ఈ వారంలో పరంజా ఇప్పేస్తారు. అది కూడా తెరవాల. నిన్ను ఎక్కమని చెప్పడంలా, వేరేవాళ్ళను ఎక్కిస్తా. నీకు చెప్పకుండా చేస్తే బాగోదని చెప్తుండా."

"వద్దు" అన్నాడు హన్మంతు.

"అన్నా..."

"వాని చేతి పని గదొక్కటే మిగిలింది కలీం. ఉండనియ్యుండ్రి."

*

ఆ రంధ్రాల కథ నవ్వులతో మొదలైంది.

పలకలు షార్జా నుంచి వచ్చినప్పుడే వాటికి అక్కడక్కడా రంధ్రాలు ఉన్నాయి. నరేశ్ బురుజు మీద ఫినిషింగ్ చేస్తున్నాడు. అంతకుముందు మఫ్రఖ్‌లో చేసినప్పుడూ, షార్జాలో చేసినప్పుడూ వాడు చూసిన ప్రతి పలకకూ రంధ్రాలు ఉండేవి. క్రేన్ కొక్కెం తగిలించడానికి వదిలే రంధ్రాలు అవి. పలక ఎక్కించాక వాటిని మూసి, మూసినట్టు తెలియకుండా చేసేవాడే మంచి పనివాడు. కనుక నరేశ్ మూశాడు. లోపల ఫోము ముక్క కుక్కి, ఒక పూత పెట్టి, అది ఆరాక పైపూత పెట్టి, పక్క రాయి గీతను దాని మీదికి లాగి, పాచి మరక దిద్ది, బురుజు నాలుగు వైపులా అన్నీ మూసేశాడు.

జర్మనీ నుంచి గిజెలా మేడం అప్పుడప్పుడూ వచ్చి పోయేది. పాత కోటలను బాగుచేసే పని ఆమెది. అరవై ఏళ్ళు ఉంటాయి, ఎండకు ముక్కు ఎర్రబడి ఉండేది. ఆ రోజు దుర్భిణి పెట్టుకొని బురుజు చుట్టూ తిరిగి, మళ్ళీ ఒకసారి తిరిగి, రంధ్రాలు ఏవని కలీంను అడిగింది.

కలీం ఛాతీ విరిచాడు. అన్నీ మూసేశామని, చెయ్యి పెట్టి తడిమినా దొరకవని ఇంగ్లీషులో చెప్పాడు.

మేడం దుర్భిణి దించింది. కలీం ముఖం చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఎనిమిది వందల ఏళ్ళలో ఎవరికీ తోచని పని మీకు తోచిందే అంది. ఎవరు చేశారని అడిగింది. నరేశ్‌ను పిలిచారు. చేతులకు సిమెంటు ఉండగానే వచ్చి తండ్రి పక్కన నిలబడ్డాడు, స్కూల్లో తప్పు చేసిన పిల్లవాడిలా.

ఆమె కోప్పడలేదు. బురుజు నీడలో ఒక పలకల దిమ్మ మీద కూర్చొని చెప్పింది. కలీం ముక్కముక్కగా తెలుగులోకి దించాడు.

అసలు కోటలో అన్నిటికంటే ముందు లేచింది బురుజే. దాని తలుపు నేల మీద ఉండదు. మూడు నిలువుల ఎత్తున ఉంటుంది, మెట్లు ఉండవు. నిచ్చెన వేసుకొని ఎక్కేవారు. అంతా పోయిందనుకున్న రోజు ఆఖరున అందులోకి దూరి నిచ్చెనను పైకి లాక్కునేవారు. గోడ ఎంత మందమంటే లోపల మంచం పట్టేంత జాగా మాత్రం మిగులుతుంది. అందులో ఎవరూ కాపురం ఉండలేదు.

"కాపురానికి పనికి రానిదానికి ఇంత గోడ ఎందుకో అడుగు" అన్నాడు నరేశ్ మెల్లగా.

"భయానికిరా" అన్నాడు కలీం, మేడంను అడగకుండానే. "నిద్ర పట్టాల గదా దొరకు."

మేడం బావి గురించీ చెప్పింది. కొండ కొన మీద నీళ్ళు ఎక్కడివి? గోడలు లేవడానికి ఎన్నేళ్ళు పట్టిందో, రాతిని తొలిచి ఆ బావి దింపడానికి అంతకంటే ఎక్కువ పట్టిందట. ఒకప్పుడు రైతులు తిరగబడి కోటకు నిప్పు పెట్టారు. పైకప్పులు కూలాయి, దొరల వంశం ఆగిపోయింది, హాల్లో మేకలు మేశాయి. బురుజు మాత్రం నిలబడింది.

తర్వాత ఆమె కింద పడి ఉన్న కట్టె ముక్క తీసుకొని, మట్టిలో గోడ గీసి చూపించింది. ఆ కాలంలో పరంజాను నేల మీది నుంచి లేపేవారు కాదు. గోడ ఒక నిలువు లేవగానే అందులోనే అడ్డంగా దూలాలు పెట్టి, వాటి మీద పలకలు పరిచి, నిలబడి ఇంకో నిలువు కట్టేవారు. పైకి పోయాక కింది దూలాలను లాగేసేవారు. రంధ్రాలను మాత్రం మూసేవారు కాదు. రేపు మరమ్మతుకు వచ్చేవాడు మళ్ళీ దూలం పెట్టుకొని నిలబడాలి గదా. ఈ పలకలకు కావాలని వదిలినవి ఆ రంధ్రాల నకలే.

"కట్టించిన దొరల పేర్లన్నీ రాసి ఉండాయంట" అన్నాడు కలీం. "పెళ్ళాల పేర్లు కూడా. గుర్రాలవి కూడా ఉండాయేమో. కట్టినోళ్ళ పేరు మాత్రం ఒక్కటి దొరకలేదంట. ఇక్కడ ఒక మనిషి నిలబడినాడు అని చెప్పేది ఆ రంధ్రం ఒక్కటేనంట. దాన్ని నువ్వు మూసేసినావురా సామీ, నున్నగా."

నరేశ్ ముఖం కందింది. చేతి మీది సిమెంటు గీకుతూ అన్నాడు: "మా ఊరి దొర గడీ గోడకు గూడ ఉన్నయి గసొంటియి. గోరింకలు ఉంటయి అండ్ల. పిట్టల కోసం గూళ్ళు ఇడిసిపెట్టిన్రనుకున్న."

కలీం చెప్పగా విని మేడం తల ఊపింది. జర్మనీలో పిల్లలు కూడా అదే అనుకుంటారంది.

హన్మంతు ఆ మాట పైకి అనలేదు గాని, ఇంత వయసు వచ్చినా తాను అనుకున్నదీ అదే. గడీ గోడకు మళ్ళీ సున్నం వేసినప్పుడు తన తాతే ఆ గూళ్ళలో దూలాలు దూర్చి నిలబడి ఉంటాడు. ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు బస్సులో క్యాంపుకు పోతున్నప్పుడు కొడుకు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. హన్మంతు మోచేత్తో పొడిచాడు.

"ఏందిరా గట్లున్నవ్? తప్పు మూసినవ్ గని, మంచిగ మూసినవ్. ఏడ మూసినవో నాకే దొరకకపాయె."

"నవ్విన్రు బాపూ."

"నవ్వితే నవ్వనియ్యి. నీ పని జూసి నవ్విన్రు. పని రానోన్ని జూసి ఎవడు నవ్వుతడు?"

నరేశ్ కిటికీ అద్దంలోనే నవ్వాడు.

ఆ తర్వాత వచ్చిన సెలవు రోజు. క్యాంపు గదిలో ఇనుప మంచాలు ఒకదాని మీద ఒకటి. నరేశ్‌ది పైది, హన్మంతుది కిందిది. వాడు దిగేటప్పుడు మంచం కిర్రుమంటుంది. ఆ చప్పుడుకే హన్మంతు లేచేవాడు. ఆ పొద్దున చప్పుడు కాలేదు. సెలవే గదా, పండనియ్యి అనుకొని హన్మంతు బియ్యం కడిగాడు. పప్పు పొయ్యి మీద పెట్టాడు. ఉల్లిగడ్డ కోస్తూ రెండుసార్లు పిలిచాడు.

గుండె ఆగిందని కాగితంలో రాశారు. అంతకంటే ఎవరూ ఏమీ చెప్పలేదు.

*

పై వరుసను వదిలేయమని హన్మంతు అన్న మాటను కలీం ఫోన్‌లో గిజెలా మేడంకు చేర్చాడు. ఆ వారం షార్జాలోనే ఉన్న ఆమె మర్నాడు తానే వచ్చింది. హన్మంతు ఎదుట నిలబడి, తన టోపీ తీసి చేతిలో పట్టుకుంది. అట్లా నెత్తి మీద ఎండ పడుతుండగానే బురుజు వైపు చూసి మాట్లాడింది.

కలీం గొంతు తగ్గించి చెప్పాడు: "ఆ పై వరుస కింది నుంచి చూసేవాళ్ళకు సరిగ్గా కనపడదంట. అట్లే ఉండనిస్తానంటా ఉండాది. కాగితం మీద తాను చూసుకుంటుందంట."

హన్మంతు చేతులు జోడించాడు. ఆమె కూడా, అలవాటు లేని చేతులను అట్లాగే జోడించి, వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం అన్నాల వేళ కలీం, హన్మంతు బురుజు నీడలో డబ్బాలు తెరిచి కూర్చున్నారు. కింద ఓడరేవులో క్రేన్లు పెట్టెలను ఎత్తి దించుతున్నాయి. కోట గోడ మీద కాకులు బారుగా కూర్చొని డబ్బాల వైపు చూస్తున్నాయి.

"ఈ కాకులు మన దేశంవేనంట నా" అన్నాడు కలీం. "ఓడలెక్కి వచ్చినాయంట. వీటికి వీసా లేదు, పూచీ పడే కఫీల్ లేడు. మన బతుకే తేడా." హన్మంతు నవ్వుతాడని చూశాడు. హన్మంతు నవ్వలేదు. ఒక ముద్ద అన్నం తీసి దూరంగా రాతి మీద పెట్టాడు. ఒక కాకి దిగి, ఎత్తుకొని పోయింది.

"ఈడ తింటున్నయి" అన్నాడు హన్మంతు. "వానికి పెడ్తే మాత్రం ముట్టలే."

కలీం డబ్బా కింద పెట్టాడు. "ఏంది నా?"

హన్మంతు చెప్పాడు. మూడోనాడు వాగు ఒడ్డున పెట్టిన అన్నం, కొమ్మ మీది నుంచి దిగని కాకులు, ఇచ్చిన మాటలు, ఆవు, బీరువాలోని ఫోటో.

"ఏమన్న మనసుల ఉండిపోతే పిట్ట ముట్టదు. వానికి ఏం ఉండె కలీం? నేను కింది మంచంలనే పంటి. నాకు తెల్వకపాయె. చెల్లె పెండ్లన్న, బండన్న. ఏదీ కాదట. సమ్మవ్వ రోజూ ఫోన్ జేసి అడుగుతది, తెలిసిందా అని. ఏం జెప్పాలె?"

కలీం అన్నం మెతుకును వేలితో డబ్బా అంచుకు తోస్తూ ఉన్నాడు.

"అన్నా, నాకు మీ పద్ధతి తెలవదు" అన్నాడు. "వాడి మనసులో ఉండిపోయింది ఇదో కాదో కూడా తెలవదు. నేను చెప్పేది విను. ఇన్ని రోజులు ఆ పై వరుస ఎందుకు ఆగిందనుకున్నావు?"

"ఎందుకు?"

"మేడం చెప్పిన మర్నాడు నరేశ్ నా దగ్గరికొచ్చినాడు. 'కలీం భాయ్, మూసింది నేను. నేనే తెరుస్త. వేరేటోళ్ళు పొడిస్తే పలక పగుల్తది, నాకు ఏడ ఎట్ల వెట్టిన్నో తెలుసు' అన్నాడు. సరేలేరా అంటే, 'అట్ల గాదు, మాటియ్యి' అన్నాడు. చేతిలో చెయ్యి వేయించుకున్నాడు నా. ఆ వారం పోయినాడు. తర్వాత పైనుంచి ఒత్తిడి వచ్చింది, కింది వరుసలు మిషన్ పెట్టి తెరిపించినా. పైదానికొచ్చేసరికి చెయ్యి రాలేదు. వాడికిచ్చిన మాట కదా అని ఆపి పెట్టినా."

హన్మంతు చేతిలోని ముద్ద డబ్బాలోకి జారింది.

"నాకెందుకు జెప్పలే?"

"ఏం చెప్పాల నా, పని మాటే గదా అనుకున్నా. పోయినోడి గురించి పని మాట ఎవరు చెప్తారు?"

కాకి మళ్ళీ వచ్చి రాతి మీద వాలింది. అక్కడ ఏమీ లేకపోవడం చూసి ఎగిరిపోయింది.

*

మర్నాడు హన్మంతు ఉలి, సుత్తి, తాపీ సంచిలో వేసుకొని, టిఫిన్ డబ్బా చేతికి తగిలించుకొని పరంజా ఎక్కాడు. డబ్బాలో అన్నం, పచ్చిపులుసు ఉన్నాయి. వస్తూ వస్తూ కేఫ్‌లో ఒక కడక్ చాయ్ కాగితపు కప్పులో కట్టించుకున్నాడు. పై వరుస దగ్గర పరంజా పలక మీద నిలబడితే సముద్రం అంతా కనపడుతుంది. కొడుకు రోజంతా చూసిన సముద్రం.

ముందు రంధ్రాలు దొరకలేదు.

హన్మంతు ఇరవై ఏళ్ళుగా గోడలు పూస్తున్నాడు. ముక్కు ఆనేంత దగ్గరికి పోయి చూశాడు. అరచేత్తో నిమిరాడు. రాతి గీత ఎక్కడా తెగలేదు, పాచి మరక ఎక్కడా ఆగలేదు. చివరికి వేలి కణుపుతో తట్టుకుంటూ పోయాడు. గట్టి చప్పుడు, గట్టి చప్పుడు, గట్టి చప్పుడు. ఒకచోట డొల్ల. అక్కడ ఆగి, నుదురు గోడకు ఆనించి కాసేపు ఉన్నాడు.

గోడకు మేస్త్రి చెయ్యి కనపడొద్దురా అని వాడికి నేర్పింది తానే. కనపడకుండా చేశాడు.

మేడం ఉండనిస్తానంది. ఇప్పుడైనా దిగిపోవచ్చు. ఎవరూ ఏమీ అనరు. కొడుకు పని ఈ కొండ మీద, ఈ గాలిలో, హోటల్ ఉన్నంతకాలం ఉంటుంది. హన్మంతు ఉలి పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు.

పైపూత పెచ్చుగా లేచి చేతిలోకి వచ్చింది. దాని వెనక మొదటి పూత.

మొదటి పూత ఆరకముందే దాని మీద తాపీ అంచుతో గీతలు గీకాలి. అట్లా అయితేనే పైపూత పట్టుకుంటుంది. నరేశ్ ఎన్నడూ గీకలేదు. వేళ్ళతో పొడిచేవాడు. సిమెంటు వేళ్ళను తింటదిరా అని హన్మంతు ఎన్నిసార్లు తిట్టాడో. "జల్దీ అయితది బాపూ" అనేవాడు.

ఎదురుగా నాలుగు వేళ్ళ గుంటలు. కొంచెం ఎడంగా బొటనవేలు. ఒక గుంట అడుగున గోరు దిగిన గీత కూడా ఉంది.

పదో దినం వాగు దగ్గర హన్మంతు పిండం చేశాడు. కొడుకు తండ్రికి చేయాల్సింది, తండ్రి కొడుకుకు చేశాడు. ముద్ద సరిగా కట్టుకోక గట్టిగా పిసికితే దాని మీద తన వేళ్ళు అచ్చంగా ఇట్లాగే పడ్డాయి. పంతులు చాలు చాలు అన్నదాకా హన్మంతు చెయ్యి తీయలేదు.

ఇప్పుడు ఆ గుంటల్లో తన వేళ్ళు పెట్టాడు. నాలుగూ దూరాయి. వాడి వేళ్ళు పొడుగు. గుంటల అడుగు హన్మంతుకు అందలేదు.

అట్లాగే ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు. కింద నుంచి కలీం కేకేశాడు: "అన్నా! బాగుండావా?"

"ఆ" అన్నాడు హన్మంతు. వేళ్ళు తీసి, ఉలి పెట్టి, కొట్టాడు.

తర్వాతివి తట్టి వెతుక్కోనక్కర్లేకపోయింది. ఒకటి దొరికాక మిగతావి ఎంత ఎడంగా ఉన్నాయో తెలిసిపోయింది. ప్రతిదాని వెనకా వేళ్ళు ఉన్నాయి. ప్రతిదాన్నీ ఒకసారి చూసి కొట్టాడు. ఒకచోట చిన్న ముక్కను చొక్కా జేబులో వేసుకున్నాడు. కొంచెం సేపటికి తీసి చూస్తే దాని మీద గుంట లేదు. ఉత్త సిమెంటు ముక్క, ఎవరిదైనా కావచ్చు. కిందికి వదిలేశాడు.

అన్నీ అయ్యాక చివరి రంధ్రాన్ని తాపీతో శుభ్రం చేశాడు, బ్రష్‌తో ఊడ్చాడు. లోతు మూరెడు కూడా లేదు. అసలు కోటలో అయితే గోడ మందమంతా పోతుందట. ఇక్కడ వెనక ఇనుప చట్రం. ఏ దూలమూ ఇందులో ఎన్నడూ దూరలేదు. ఈ రంధ్రంలో ఆసరా పెట్టుకొని ఎవరూ నిలబడలేదు. నిలబడ్డవాడు పరంజా మీద నిలబడ్డాడు. ఆ పరంజాను ఎల్లుండి విప్పేస్తారు.

డబ్బా మూత మీద అన్నం పెట్టి, పచ్చిపులుసు పోసి, రంధ్రంలోకి తోశాడు. చాయ్ కప్పు పక్కన పెట్టాడు. సమ్మవ్వకు ఫోన్ కలిపాడు.

"పెట్టిన" అన్నాడు.

"ఏం జెప్పినవ్ వానికి?"

"ఇంక జెప్పలే."

"జెప్పు మరి. ఇనపడేటట్టు జెప్పు."

హన్మంతు గోడ వైపు తిరిగాడు. "తెరిసిన కొడుకా. నువ్వు మూసినయన్ని తెరిసిన. పలక పగలకుంట తెరిసిన. ఒక్కటి గూడ ఉంచుకోలే" అన్నాడు.

ఫోన్‌లో అవతల ఊపిరి మాత్రం వినపడుతోంది. హన్మంతు పరంజా పలక చివరి దాకా నడిచి, వెనక్కి తిరిగి నిలబడ్డాడు. కాసేపటికి కలీం నిచ్చెన ఎక్కి వచ్చి, టోపీ తీసి పక్కనే నిలబడ్డాడు.

"ఎంతసేపు నా?" అన్నాడు గుసగుసగా.

"చెప్పలేం."

గోడ కొన మీద కాకులు ఉన్నాయి. మెడలు అటూ ఇటూ తిప్పి చూశాయి. ఒకటి లేచి ఓడరేవు వైపు పోయింది. దాని వెనక ఇంకొకటి. తర్వాత అన్నీ పోయాయి. చాయ్ మీద మీగడ కట్టింది. హన్మంతు కళ్ళు మూసుకున్నాడు.

"నా" అన్నాడు కలీం. "అన్నా, చూడు."

ఒక గోరింక వచ్చి రంధ్రం అంచున వాలింది. పసుపు ముక్కులో సిమెంటు సంచి దారం పోగు ఒకటి వేలాడుతోంది. తల వంచి లోపలికి చూసింది. దూరింది. లోపల గిర్రున తిరిగింది. అన్నం అడ్డమైతే కాళ్ళతో, ఎదతో తోసింది. మెతుకులు అంచు దాటి పరంజా పలక మీద రాలాయి. తర్వాత అది పోగును లోపల వదిలి బయటికి వచ్చి, ఒకసారి కూసి, ఎగిరిపోయింది. రెండు నిమిషాల్లో ఇంకో పోగుతో వచ్చింది.

"ముట్టిందా?" అంది సమ్మవ్వ.

ఊళ్ళో అయితే కులపెద్ద ఉండేవాడు, ఇది ముట్టినట్టా కాదా అని చెప్పేవాడు. ఇక్కడ కలీం ఉన్నాడు. హన్మంతు ఆయన ముఖంలోకి చూశాడు.

"తగిలింది కదా నా" అన్నాడు కలీం. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఏందయ్యా, సప్పుడు జెయ్యవు? ముట్టిందా?"

"ముట్టింది" అన్నాడు హన్మంతు.

"తిన్నదా?"

"తినలే. గూడు వెడ్తుంది."

అవతల బీరువా తలుపు తెరిచిన చప్పుడు. ఇంకా తర్వాత, గోడకు మేకు దిగుతున్న చప్పుడు, తడబడుతూ, ఆగి ఆగి. అది కూడా ఆగిపోయింది.

ఇద్దరూ ఫోన్ పెట్టేయలేదు. గోరింక పోతూ వస్తూ ఉంది.